ముందు ఊపిరి లెక్కపెట్టు

అమ్మా,

నర్సుగా రిజిస్ట్రేషన్ చేతికొచ్చింది కదా, నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులో ఎప్పుడు చేరమంటావని అడిగావు. రెండేళ్లు వార్డులో చెయ్యి, మూడైతే మరీ మంచిది. అనుభవం లేకుండానే సీటిచ్చే చోట్లున్నాయి. ఇచ్చినా తొందరపడకు. రేపు జబ్బేమిటో తేల్చేది, పరీక్షలూ మందులూ రాసేది నువ్వే. మనిషిని చూడగానే ఏదో తేడాగా ఉందని పసిగట్టే కన్ను పుస్తకంతో రాదు.

అన్నిరకాల రోగులూ వచ్చే మెడికల్ వార్డుతోనో సర్జికల్ వార్డుతోనో మొదలుపెట్టు. అక్కడ అందరూ నిర్లక్ష్యం చేసేది ఊపిరి లెక్క. ఉన్నవాళ్లందరికీ 20 అని రాసి ఉందంటే ఎవరూ లెక్కపెట్టలేదన్నమాటే! పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించకు, ఒక్కటి తప్పితే నాలుగు తేడా వస్తుంది. నిండా నిమిషం చూడు. ఊపిరి చూస్తున్నానని రోగికి చెప్పకు, తెలిస్తే లయ మారిపోతుంది. నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని ఛాతీ మీద కన్నేసి ఉంచు.

ఎందుకింత పట్టింపంటే, ఒంట్లో ఏదైనా ముదురుతుంటే బీపీ పడిపోకముందే చాలాసార్లు ఊపిరి వేగం పెరుగుతుంది. ఊపిరి 22, ఆక్సిజన్ 93, నాడి 112 అనుకో. విడివిడిగా ఏదీ భయపెట్టదు. రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో ఇలాంటి కొలతలకు మార్కులు వేసి చెప్పే న్యూస్2 స్కోరులో మాత్రం ఒక్కోదానికి 2 చొప్పున మొత్తం 6. ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చిందంటే డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి.

ఫోన్ చేసినప్పుడు "పేషెంట్ బాగాలేదండీ" అంటే సరిపోదు. ఇప్పుడేం జరుగుతోంది, వెనక ఏముంది, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి: ఈ నాలుగూ వరసగా చెప్పు. "ఏడో బెడ్, ఆపరేషన్ అయి రెండో రోజు. పొద్దున 16 ఉన్న ఊపిరి ఇప్పుడు 22. ఊపిరితిత్తుల్లో ఏదో మొదలైందని నా అనుమానం. పది నిమిషాల్లో వచ్చి చూడండి." కొత్తవాళ్లు మూడోదీ నాలుగోదీ మింగేస్తారు. నర్స్ ప్రాక్టీషనర్‌కి కావలసింది సరిగ్గా ఆ రెండే.

మందుల్లో ఇన్సులిన్, పొటాషియం క్లోరైడ్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ దగ్గర రెండో మనిషి చూడకుండా చెయ్యి కదపకు. ఇన్సులిన్ సీసా మీద మిల్లీలీటరుకు 100 యూనిట్లని ఉందనుకో. ఎనిమిది యూనిట్లంటే 0.08 మి.లీ. ఇన్సులిన్ సిరంజీ దొరకలేదని మామూలు సిరంజీలో 0.8 తీస్తే 80 యూనిట్లు వెళ్తాయి. రాసేటప్పుడు 'యూనిట్లు' అని పూర్తిగా రాయి. ఇంగ్లీషు 'యూ' ఒక్కటే పెడితే అది సున్నాలా కనబడి మళ్లీ ఎనిమిది ఎనభై అవుతుంది. పొటాషియం నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. వేలాడుతున్న సెలైన్ సంచిలో కూడా కలపకు. మందు అడుగున పేరుకుని ముందు అదే ఎక్కుతుంది. సంచి దించి, కలిపి, పదిసార్లు తిరగేసి అప్పుడు తగిలించు.

ఇక రెండో ఏడు నుంచి ఒక అలవాటు చేసుకో. కొత్త రోగి రాగానే, డాక్టర్ రాసింది చూడకముందే, ఒక చిన్న నోట్‌బుక్‌లో మూడు కారణాలు రాయి. రోగి పేరు మాత్రం రాయకు. ఆయాసం అనుకుందాం. రెండు కాళ్లూ వాచి, వెల్లకిలా పడుకోలేకపోతుంటే ముందు గుండె మీద అనుమానం. ఒక్క పిక్కే వాచి, ఆయాసం ఉన్నట్టుండి వస్తే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ. జ్వరం, కఫం, ఛాతీలో ఒకవైపు చరచరమనే చప్పుడు ఉంటే న్యుమోనియా. వీటిని విడదీసే పరీక్ష ఏదో పక్కన రాసి, తర్వాత డాక్టర్ నోట్‌తో పోల్చు. ఎక్కడ తప్పిందో అక్కడే చదువు.

స్టెతస్కోపు బట్ట మీద పెట్టకు, బట్ట రాపిడే చరచరమంటుంది. రెండువైపులా ఒకే ఎత్తులో పోల్చి విను. పొట్ట దగ్గర మాత్రం వరస మారుతుంది: చూడటం, వినడం, ఆ తర్వాతే తట్టడం, నొక్కడం. ముందే నొక్కితే పేగుల చప్పుడు మారిపోవచ్చు.

ఈ నర్స్ ప్రాక్టీషనర్ చదువు 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలైంది. లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టర్ కలిసి పెట్టారు. ఇప్పుడు చాలాచోట్ల ఇది మాస్టర్స్ స్థాయి. జబ్బు పుట్టే తీరు, మందుల శాస్త్రం, శరీర పరీక్ష, ఈ మూడే దానికి వెన్నెముక. పిల్లలా, పెద్దలా, మానసిక ఆరోగ్యమా, ఐసీయూనా అన్నది వార్డులు తిరిగాకే ఎంచుకో. మధ్యలో దారి మార్చుకుంటే కొంత మళ్లీ చదవాల్సి రావచ్చు.

ఫీజు కట్టకముందు మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకో. నువ్వు పనిచేయబోయే చోట చట్టం నిన్ను మందు రాయనిస్తుందా, రాయనిస్తే డాక్టర్ సంతకం కావాలా? రోగుల దగ్గర చేసే శిక్షణ ఎన్ని గంటలు? ఆ గంటల్లో పక్కనుండి నేర్పే గైడ్‌ని కాలేజీ చూపిస్తుందా, నువ్వే వెతుక్కోవాలా? గైడ్ దొరక్క చదువు నెలలకు నెలలు ఆగిపోయేది ఈ మూడో ప్రశ్న అడగనివాళ్లకే.

ఇట్లు,
పెద్దమ్మ