మీ ప్రశ్న – మా జవాబు: గ్రాములా, మోల్‌లా?

ప్రశ్న: 10 గ్రాముల నైట్రోజన్, 10 గ్రాముల హైడ్రోజన్ కలిస్తే ఎంత అమ్మోనియా వస్తుందన్నది లెక్క. నిష్పత్తి 1:3 కాబట్టి హైడ్రోజనే ముందు అయిపోతుందని రాశాను. మార్కులు పడలేదు. ఎందుకు?
– ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని, తెనాలి

జవాబు: సమీకరణం N₂ + 3H₂ → 2NH₃. అందులోని 1, 3 అణువుల లెక్క. మీరు వాటిని నేరుగా గ్రాములకు అంటగట్టారు. ముందు రెండింటినీ మోల్‌లలోకి మార్చండి. మోల్ అంటే అణువులను లెక్కపెట్టే ఒక నిర్ణీత గుంపు; ఒక మోల్ నైట్రోజన్ తూకం 28 గ్రాములు, హైడ్రోజన్ 2, అమ్మోనియా 17. నైట్రోజన్ 10 ÷ 28 = 0.357 మోల్. హైడ్రోజన్ 10 ÷ 2 = 5 మోల్‌లు. అంత నైట్రోజన్‌కు కావలసిన హైడ్రోజన్ మూడింతలు, అంటే 1.07 మోల్‌లే. ముందు అయిపోయేది నైట్రోజన్, పరిమిత కారకం అదే. ఇక హైడ్రోజన్ సంగతి మరిచిపోయి నైట్రోజన్‌తోనే లెక్క కట్టాలి: అమ్మోనియా దానికి రెట్టింపు, 0.714 మోల్, దాన్ని 17తో గుణిస్తే 12.14 గ్రాములు.

చివర్లో సరిచూసుకోండి. ఖర్చయిన హైడ్రోజన్ 2.14 గ్రాములు, మిగిలింది 7.86. 12.14కు 7.86 కలిపితే మొదట తీసుకున్న 20 గ్రాములూ వచ్చేశాయి. మీ పద్ధతిలో వెళ్తే 46.7 గ్రాముల నైట్రోజన్ కావాలి, ఉన్నది పదే. అక్కడే పొరపాటు దొరికిపోయేది.

ఇది పూర్తిగా జరిగే చర్య అనుకుని కట్టిన లెక్క. ఎరువుల కర్మాగారాల్లో వాయువులు ఒకసారి ఉత్ప్రేరకం మీదుగా వెళ్తే సుమారు 15 శాతమే అమ్మోనియా అవుతుంది. మిగిలినదాన్ని మళ్లీ లోపలికి పంపుతారు.

ప్రశ్న: 0.24 గ్రాముల మెగ్నీషియం రిబ్బన్‌ను మూసలో (క్రూసిబుల్‌లో) కాలిస్తే 0.40 గ్రాముల ఆక్సైడ్ రావాలి. మా పిల్లలకు ఎప్పుడూ 0.35 దగ్గరే ఆగుతోంది. లోపం ఎక్కడ?
– హైస్కూల్ ఉపాధ్యాయుడు, సిద్దిపేట

జవాబు: లెక్క సరైనదే, 24 గ్రాములకు 40 రావాలి. తగ్గడానికి మూడు కారణాలు కలిసి పనిచేస్తుంటాయి. మొదటిది తెల్లటి పొగ. ఆ పొగంతా ఆక్సైడే, మూత పూర్తిగా తీస్తే తూకం గాల్లో కలిసిపోతుంది. పటకారుతో మూతను కొద్దిగా ఎత్తి, గాలి చొరబడగానే దించేయాలి. రెండోది లోపల కాలకుండా మిగిలిన లోహం. వేడి చేయడం, చల్లార్చడం, తూచడం – వరుసగా రెండు తూకాలు ఒకటే వచ్చేదాకా ఆపకూడదు.

మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. మూసలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ మెగ్నీషియం గాలిలోని నైట్రోజన్‌తోనూ కలిసి నైట్రైడ్ అవుతుంది. మొత్తం నైట్రైడే అయితే 0.24 గ్రాములకు వచ్చేది 0.33 మాత్రమే. విరుగుడు సులువే: మూస పూర్తిగా చల్లారాక నాలుగైదు చుక్కల స్వేదనజలం వేయండి. ఘాటుగా అమ్మోనియా వాసన వస్తే నైట్రైడ్ ఉన్నట్టే. వెంటనే మంట పెంచితే పదార్థం చిందుతుంది కాబట్టి ముందు సన్నని సెగ మీద నీరు ఇగిరిపోనిచ్చి, ఆ తర్వాత బాగా కాల్చండి; నైట్రైడ్ కూడా ఆక్సైడ్‌గా మారిపోతుంది. వేడి మూస మీద మాత్రం నీళ్లు పోయొద్దు, పగులుతుంది.

రిబ్బన్‌ను తూచే ముందే గరుకు కాగితంతో రుద్దాలి. పాత రిబ్బన్ మీద ఆక్సైడ్ పొర ఉంటుంది. మూస వేడిగా ఉండగా తూచినా తూకం తక్కువ చూపిస్తుంది. ఇంకో మాట: కలవాల్సిన ఆక్సిజనే 0.16 గ్రాములు. 0.01 గ్రాము తేడా వచ్చినా అందులో 6 శాతం పోయినట్టే. కాబట్టి 0.001 గ్రాము చూపే త్రాసు దొరికితే అదే వాడండి.

ప్రశ్న: ఒక మోల్ వాయువు ఘనపరిమాణం 22.4 లీటర్లా, 22.7 లీటర్లా?
– పదో తరగతి విద్యార్థి, విజయనగరం

జవాబు: రెండూ 0 డిగ్రీల సెల్సియస్ దగ్గరివే. పీడనం 1 అట్మాస్ఫియర్ అయితే 22.4, 1 బార్ అయితే 22.7. ప్రశ్నలో ఏ పీడనం ఇచ్చారో చూసి ఎంచుకోండి. ప్రయోగశాలలో మాత్రం ఈ రెండూ పనికిరావు. 27 డిగ్రీలు, 1 అట్మాస్ఫియర్ దగ్గర అది 24.6 లీటర్లు. 6.54 గ్రాముల జింక్‌ను అవసరానికి మించిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే 0.1 మోల్ హైడ్రోజన్ వస్తుంది. ఆ గదిలో పొడి వాయువుగా కొలిస్తే అది 2.46 లీటర్లు, నీటి మీద పట్టి కొలిస్తే నీటి ఆవిరి కూడా చేరి ఇంకొంచెం ఎక్కువే.