టేపు అతుకులో నిరోధం: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి, పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు.

ద్రవ నైట్రోజన్‌లో సూపర్‌కండక్టర్ టేపు నిరోధం సున్నా అయినా అతుకులో మాత్రం ఎందుకు మిగులుతున్నదని అడిగావు. కరెంటు ఒక టేపు నుంచి రెండో టేపుకు చేరాలంటే వెండి, రాగి, టంకం, మళ్లీ రాగి, వెండి పొరలను దాటాలి. అవన్నీ ద్రవ నైట్రోజన్ ఉండే 77 కెల్విన్ (సుమారు మైనస్ 196 డిగ్రీల సెల్సియస్) వద్ద కూడా మామూలు లోహాలే. అందుకే టేపులు ఒకదానిపై ఒకటి ఎంత పొడవున కలిస్తే నిరోధం అంత తగ్గుతుంది.

అయితే అంతకన్నా ముందు చూడవలసినది ముఖం. రాగి పూత వల్ల టేపు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది గాని, సూపర్‌కండక్టర్ పొర ఒక వైపుకే దగ్గరగా ఉంటుంది. నా మొదటి అతుకులో ఒక టేపును తిరగేసి పెట్టాను. కరెంటు అంచుల రాగి చుట్టూ తిరిగి రావలసి వచ్చి నిరోధం ఎన్నో రెట్లు పెరిగితే, రెండు వారాలు టంకాన్నే అనుమానించాను. చుట్ట విప్పగానే పొర ఉన్న వైపు గుర్తు పెట్టుకో.

వేడి విషయంలో మన వీధి కంసాలిని తలచుకో నాయనా. టంకం పారిన క్షణమే ఆయన మంట తప్పిస్తాడు. సీసం-తగరం టంకం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, ఇండియం-తగరం టంకం 118 వద్దనే. 200 దాటిన వేడిలో ఎక్కువసేపు ఉంచితే పొరలోని ఆక్సిజన్ పోయి టేపే దెబ్బతింటుంది కనుక రెండోదానినే నేను ఇష్టపడతాను.

4 మిల్లీమీటర్ల వెడల్పు టేపులు 5 సెంటీమీటర్ల మేర కలిసిన మంచి అతుకులో నిరోధం కొన్ని పదుల నానో ఓమ్‌లే (నానో అంటే వంద కోట్లలో ఒక వంతు) ఉంటుంది. 25 నానో ఓమ్‌లైతే 100 ఆంపియర్ల వద్ద వచ్చేది రెండున్నర మైక్రోవోల్టులు మాత్రమే. వేడికీ చలికీ మధ్య నడిచే తీగలలో పుట్టే వోల్టేజీ అంతకన్నా ఎక్కువగా ఉండవచ్చు. కరెంటు తీగలు వేరుగా, వోల్టేజీ తీగలు వేరుగా పెట్టి, కరెంటును అటూ ఇటూ తిప్పి, రెండు కొలతల తేడాలో సగం తీసుకో. ఒక్క కరెంటు వద్ద ఆగక నాలుగైదు విలువల వద్ద కొలువు. కరెంటుకు ఎదురుగా వోల్టేజీని గీస్తే తిన్నని గీత రావాలి; అది వంపు తిరిగితే అతుకు పక్కన టేపు దెబ్బతిన్నదేమో చూడు.

మీ బరంపురం గాలిలో సముద్రపు తేమ ఎక్కువ. నైట్రోజన్ నుంచి తీసిన అతుకు మీద నిమిషంలో మంచు పట్టి నీరవుతుంది. ఆ తడి కోసిన అంచుల గుండా పొరలోకి చేరుతుంది. తీసిన వెంటనే పొడి నైట్రోజన్ వాయువు ఊదుతూ గది వేడికి రానిచ్చి, ఆ తర్వాతే రెండోసారి చల్లబరిచి మళ్లీ కొలువు. రెండు కొలతలూ కలిస్తే నాకు రాయి.