కళారంగం చదువుకు 58 లక్షలు: ప్లాటు అమ్మాలా, లోను తీసుకోవాలా?

ప్రశ్న: మాది వనస్థలిపురం. నేను ప్రభుత్వ టీచర్ని, వయసు 54. మావారి స్టేషనరీ షాపుతో ఇల్లు గడిచిపోతుంది. అమ్మాయికి 24. బీకాం చదివింది, చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంది. రెండేళ్లుగా సాంస్కృతిక కార్యక్రమాలు నిర్వహించే సంస్థలో పనిచేస్తోంది, జీతం 28 వేలు. లండన్‌లో ‘కల్చరల్ అండ్ క్రియేటివ్ ఇండస్ట్రీస్’ ఎంఏలో సీటు వచ్చింది. ఫీజు 27 వేల పౌండ్లు. ఇబ్రహీంపట్నం వైపు 2009లో 6 లక్షలకు కొన్న 200 గజాల ప్లాటు ఇప్పుడు 40 లక్షలు పలుకుతోంది. అబ్బాయి ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉన్నాడు. చుట్టాలేమో ‘ఆ డబ్బేదో ఎంబీఏకి పెట్టండి’ అంటున్నారు. ప్లాటు అమ్మాలా, ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసుకోవాలా? అమ్మాయి వేసుకున్న ఖర్చుల లెక్క జత చేస్తున్నాను.

జవాబు: మేడమ్, ముందు చుట్టాల మాట సంగతి తేల్చేద్దాం. ఇది కాలక్షేపం చదువు కాదు. సినిమా, సంగీతం, ప్రకటనలు, చేతివృత్తులు, ఫ్యాషన్, పుస్తక ప్రచురణ, సాఫ్ట్‌వేర్ లాంటి 13 రంగాలను బ్రిటన్ ప్రభుత్వం 1998లో ఒకే జాబితాలో చేర్చి, వాటివల్ల దేశానికి ఎంత ఆదాయం వస్తోందో లెక్క తీసింది. ఇలాంటి కోర్సులు ఊపందుకున్నది ఆ తర్వాతే. కాపీరైట్ ఎవరి చేతిలో ఉండాలి, ఒక ఉత్సవానికి డబ్బు ఎక్కడెక్కడి నుంచి తేవాలి, మ్యూజియానికి జనాన్ని ఎలా రప్పించాలి, కళాకారుడి ఆదాయం ఎందుకు నిలకడగా ఉండదు... ఇవన్నీ అందులో చదువుతారు. రామోజీ ఫిల్మ్ సిటీ నుంచి చేర్యాల నకాషీ చిత్రకారుల దాకా ఉన్న మనకు ఈ లెక్కలు తెలిసిన మనుషులు కావాలి. ఇష్టం లేని పిల్లను ఎంబీఏలో కూర్చోబెడితే ఆ డబ్బూ పోతుంది, రెండేళ్లూ పోతాయి.

నాకు బెంగంతా అప్పు ఎంతవుతుందన్నదాని గురించే. మీ అమ్మాయి లెక్క శ్రద్ధగానే వేసింది, కానీ లండన్‌లో ఉండే ఖర్చు తొమ్మిది నెలలకే రాసింది. వీసా కోసం చూపించాల్సింది తొమ్మిది నెలల డబ్బే కాబట్టి అదే మొత్తం ఖర్చు అనుకున్నట్టుంది. కోర్సు ఏడాది పాటు నడుస్తుంది, అద్దె కూడా ఏడాదంతా కట్టాలి. వీసా నిబంధన ప్రకారం లండన్‌లో నెలకు 1,529 పౌండ్లు. పన్నెండు నెలలకు 18,348. పౌండును 120 రూపాయలుగా వేసుకుంటే 22 లక్షలు. ఫీజు 32.4 లక్షలు. అక్కడి ఆరోగ్య సర్‌ఛార్జి ఏడాదికి 776 పౌండ్లు. కోర్సు అయ్యాక మరో నాలుగు నెలలు వీసా ఉంటుంది కనుక ఏడాదిన్నరకు కట్టించుకుంటారు, అంటే దాదాపు 1.4 లక్షలు. వీసా ఫీజు, విమానం టికెట్, వెళ్లగానే కొనుక్కునే దుప్పట్లు, గిన్నెలు కలిపి ఇంకో రెండు లక్షలు. మొత్తం 58 లక్షలకు చేరింది. కాగితం మీద ఆమె రాసింది 50.

ఇందులో 40 లక్షలు లోను తీసుకున్నారనుకుందాం, వడ్డీ 10.5 శాతం. చదువుకునే ఏడాది, ఆపైన ఆరు నెలలు ఈఎంఐ ఉండదు. ‘అప్పటిదాకా కట్టక్కర్లేదు’ అనే మాట వినడానికి హాయిగా ఉంటుంది గానీ, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. మొత్తం ఒకేసారి విడుదలైతే ఆ ఏడాదిన్నరలో 6.3 లక్షలు పేరుకుంటాయి. పదేళ్ల గడువుకు నెలనెలా కట్టాల్సింది 62 వేలు. హైదరాబాద్ తిరిగొచ్చి, ఇప్పటి జీతానికి రెట్టింపు పైగా 60 వేల ఉద్యోగం సంపాదించినా, జీతమంతా ఈఎంఐకే చాలదు. అప్పుడు బ్యాంకు చూసేది సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన మీ వైపే. మీరు 61కి రిటైరవుతారు. ఈ లోను తీరేసరికి మీకు 65 దాటుతుంది. చివరి నాలుగైదేళ్లు మీ పెన్షన్ నుంచి పోతుంది.

‘అక్కడే ఉద్యోగం చేసి తీర్చేస్తుంది’ అంటారు. చదువయ్యాక అక్కడ ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే పీజీ విద్యార్థులకు 18 నెలలే. ఆ తర్వాత ఉండాలంటే కంపెనీ స్పాన్సర్ చేయాలి. దానికి మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం, కొత్తగా ఉద్యోగంలో చేరేవారికైతే 33,400 ఉండాలి. గ్యాలరీలు, థియేటర్లు, ఉత్సవ సంస్థల్లో మొదటి ఉద్యోగాలకు చాలాచోట్ల ఇంత ఇవ్వరు. లండన్ జీతం వస్తే సంతోషమే, ఈఎంఐని మాత్రం హైదరాబాద్ జీతంతోనే తూచాలి.

ఆ తూకంలో నేను ఒప్పుకునే లోను 15 లక్షలు. అది పదేళ్లకు నెలకు 23 వేల పైచిలుకు. ఇంట్లోనే ఉంటూ 60 వేలు సంపాదించే అమ్మాయి కట్టుకోగలదు. ఇల్లు తాకట్టు పెట్టే మాటే వద్దు. మీ జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) వైపూ చూడకండి.

మరి మిగతా డబ్బు? ఇక్కడే ఒక ఏడాది ఆగమంటున్నాను. రెండేళ్ల ఉద్యోగం చేసింది కాబట్టి బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్ అడిగే రెండేళ్ల అనుభవం, అంటే 2,800 గంటలు, ఆమెకు ఉన్నట్టే. అది వస్తే ఫీజు, నెలఖర్చు, విమానం అన్నీ వాళ్లే భరిస్తారు. చదువయ్యాక రెండేళ్లు మన దేశానికి తిరిగొచ్చి ఉండాలన్నది షరతు. ఇక్కడే పనిచేయాలనుకునే పిల్లకు అదేం భారం కాదు. దరఖాస్తులు సాధారణంగా ఆగస్టులో మొదలై అక్టోబరు మొదట్లో ముగుస్తాయి. పోటీ గట్టిగానే ఉంటుంది. అందుకే దీనితోపాటు కొరియోముండస్‌కు కూడా వేయమనండి. నాట్యం, వారసత్వం మీద నార్వే, ఫ్రాన్స్, హంగరీ, బ్రిటన్ విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే రెండేళ్ల పీజీ అది. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్‌తో సీటు వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. కూచిపూడి తెలిసిన అమ్మాయికి ఇంతకన్నా సరిపడే కోర్సు నాకు తట్టడం లేదు. ఏదీ రాకపోతే మన సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్, ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో మీడియా అండ్ కల్చరల్ స్టడీస్ ఉన్నాయి. వాటి ఫీజు లండన్ ఫీజు పక్కన లెక్కలోకే రాదు.

ఇక ప్లాటు. స్కాలర్‌షిప్ కొంతే వచ్చి, అప్పటికీ వెళ్లాలనే ఆమె గట్టిగా ఉంటే అమ్మండి, అందులో తప్పు లేదు. కానీ అమ్మకపు పన్ను లెక్క ముందే చూసుకోండి. 2024 జులై 23కి ముందు కొన్న స్థలం కాబట్టి మీకు రెండు దారులున్నాయి. ఇండెక్సేషన్ (పెరిగిన ధరల మేరకు కొన్న ధరను పెంచి లాభం లెక్కించడం) లేకుండా 12.5 శాతమైతే 34 లక్షల లాభం మీద 4.25 లక్షలు, సెస్ అదనం. ఇండెక్సేషన్‌తో 20 శాతమైతే, 2025-26 సూచీ ప్రకారం దాదాపు 4.95 లక్షలు. మీకు మొదటిదే లాభం. అన్నీ పోగా చేతికొచ్చేది 35 లక్షల చిల్లర. వీసా గడువు తరుముతుంటే అమ్మకానికి పెట్టవద్దు. వీసా కోసం చూపే డబ్బు వరసగా 28 రోజులు బ్యాంకులో ఉండాలి. మీ తొందర కనిపెట్టిన కొనుగోలుదారు గజానికి రెండు వేలు తగ్గించినా మీరు తల ఊపాల్సి వస్తుంది, అక్కడికే నాలుగు లక్షలు పోతాయి. ఆగితే దొరికే ఈ ఏడాదిలో నిదానంగా మంచి బేరం చూసుకోవచ్చు.

అమ్మితే అది అమ్మాయి వాటా అని అబ్బాయి ఎదుటే చెప్పండి. రేపు వాడూ ఎంఎస్ అంటాడు, అప్పుడు అమ్మడానికి రెండో ప్లాటు లేదు. ఈ విషయం ఇంట్లో నలుగురూ ఒకసారి కూర్చుని మాట్లాడుకున్నాకే బ్రోకర్‌కు ఫోన్ చేయండి.

విదేశాలకు డబ్బు పంపేటప్పుడు టీసీఎస్ (బ్యాంకు ముందుగానే పట్టుకునే పన్ను) సంగతి గుర్తుంచుకోండి. బ్యాంకు విద్యారుణం నుంచి పంపితే కోత ఉండదు. సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటితే, పైమొత్తం మీద కొంత పట్టుకుంటారు. రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. లోను వడ్డీకి పన్ను మినహాయింపు పాత విధానంలో ఉన్నవారికే, ఎనిమిదేళ్ల వరకు.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. సీటును వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారా, కట్టిన డిపాజిట్ అప్పటికి బదిలీ అవుతుందా అని విశ్వవిద్యాలయం అడ్మిషన్ల విభాగానికి అమ్మాయి చేత మెయిల్ పెట్టించండి. జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా రెండో విడత డబ్బు కట్టకండి.