స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంటే

మాస్టారూ, ఆమదాలవలసలో మీ పాత ఇంట్లో 60 వాట్ల బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టాక, స్విచ్ ఆపినా రాత్రంతా మసకగా వెలుగుతోందని రాశారు. బల్బును అనుమానించకండి. చాలావరకు స్విచ్‌కి ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) బదులు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఇచ్చి ఉంటారు. అలాగైతే స్విచ్ ఆపినా ఫేజ్ బల్బు దాకా వస్తూనే ఉంటుంది, కాస్త కరెంటు లీకవుతుంది. ఆ కాస్త లీకేజీ కరెంటుకు పాత బల్బులోని ఫిలమెంట్ వెలిగేంత వేడెక్కదు, ఎల్‌ఈడీకి మాత్రం అదే చాలు. స్విచ్ ఆపి, బల్బు తీసి, తడి లేని చేత్తో హోల్డర్ పిన్నులకు టెస్టర్ పెట్టి చూడండి. గట్టిగా వెలిగిందంటే ఫేజ్ అక్కడే ఉన్నట్టు. బల్బు మార్చేటప్పుడు షాక్ కొట్టే ప్రమాదం ఉంది, దయచేసి అశ్రద్ధ చేయొద్దు. మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్‌తో ఫేజ్ వైరు స్విచ్‌కి మార్పించండి. టెస్టర్ కాస్త మినుకుమంటే మాత్రం స్విచ్‌లో ఇండికేటర్ లైటు ఉందేమో చూడండి. అది లేని స్విచ్ వేయిస్తే సరిపోతుంది.