ఈఈఈ వదిలేసి "రెన్యూవబుల్" బీటెక్‌లో చేర్పించాలా?

నమస్తే అండి. మీ పాపకి ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) కౌన్సెలింగ్‌లో ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ సీటొచ్చింది, ఈలోగా ఒక ప్రైవేట్ యూనివర్సిటీ వాళ్ళు రెన్యూవబుల్ ఎనర్జీ ఇంజనీరింగ్ అని కొత్త బీటెక్ పెట్టాం, బొగ్గు ప్లాంట్లన్నీ మూతపడతాయి, ఈఈఈ పాతబడిపోయింది అని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, ఏం చేయమంటారు అని కదా అడిగారు. ఈఈఈలోనే చేర్పించండి. ఫ్యాకల్టీ, ల్యాబులు పర్లేదనిపిస్తే ఇంక ఆలోచించక్కర్లేదు.

బొగ్గు సంగతి ముందు చెప్తా. 2025 మధ్యకొచ్చేసరికి మన దేశంలో కరెంటు ప్లాంట్ల కెపాసిటీలో సగం సోలార్, విండ్, హైడ్రో, న్యూక్లియర్‌దే అయింది, 2030కి ఇలాంటి బొగ్గు లేని కెపాసిటీ 500 గిగావాట్లు చేయాలని టార్గెట్. వినడానికి భలే ఉంటుంది గానీ నిజంగా తయారయ్యే యూనిట్లు లెక్కేస్తే ఇప్పటికీ మూడింట రెండొంతులకి పైనే బొగ్గు నుంచి వస్తోంది, సోలార్ ఎండున్నంతసేపే కదా పనిచేసేది. రామగుండం బొగ్గు ప్లాంట్ రేపో ఎల్లుండో మూసేస్తారని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. అక్కడే ఎన్టీపీసీ వాళ్ళ రిజర్వాయర్ నీళ్ళ మీద 2022 నుంచి 100 మెగావాట్ల ఫ్లోటింగ్ సోలార్ కూడా నడుస్తోంది, రెండిటికీ కావాల్సింది ఎలక్ట్రికల్ వాళ్ళే.

అసలు ఇప్పుడు ప్యానెల్స్ పెట్టడం పెద్ద కష్టం కాదండీ, కష్టమంతా గ్రిడ్ దగ్గరే, అంటే ప్లాంట్లనీ ఊళ్ళనీ కలిపే లైన్ల వ్యవస్థ దగ్గర. మధ్యాహ్నం కరెంటు పొంగిపొర్లుతుంది, సాయంత్రం సూర్యుడు దిగిపోయే టైముకి ఇళ్ళల్లో లైట్లు, ఏసీలు అన్నీ ఆన్ అవుతాయి, ఆ గ్యాప్‌ని ఎవరో ఒకరు నింపాలి, ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకి ఎన్ని సైకిళ్ళు తిరుగుతుందో ఆ లెక్క) మాత్రం 50 హెర్ట్జ్ దగ్గరే నిలబెట్టాలి. రాజస్థాన్‌లో అయితే లైన్లు చాలక తయారైన సోలార్ కరెంటునే తగ్గించుకోమంటున్నారు. 2012 జులైలో నార్త్ గ్రిడ్ కూలిపోయి కోట్ల మందికి కరెంటు పోయింది గుర్తుందా, అలాంటిది మళ్ళీ రాకుండా చూసే పని రోజురోజుకీ కష్టమవుతోంది, పనోళ్ళ అవసరం కూడా అక్కడే పెరుగుతోంది. ప్రొటెక్షన్ (ఫాల్ట్ వస్తే లైన్‌ని వెంటనే విడదీసేది), స్కాడా (దూరం నుంచే కంప్యూటర్లో చూసి నడిపేది), ఏ ప్లాంట్ ఎంత కరెంటు ఇవ్వాలో చెప్పే లోడ్ డిస్పాచ్ సెంటర్లు, హెచ్‌వీడీసీ (దూరాలకి కరెంటు పంపే హై వోల్టేజ్ డీసీ లైన్లు), బ్యాటరీ స్టోరేజ్, పంప్డ్ స్టోరేజ్ ఇవన్నీ. మన దగ్గరే చూడండి, కర్నూలు వైపు పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ కట్టారు, పగలు నీళ్ళు పైకి తోడి పెట్టుకుని సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. శ్రీశైలం ఎడమగట్టు పవర్ హౌస్‌లో ఇలా నీళ్ళు పైకి తోడటానికీ, కరెంటు తీయడానికీ రెండిటికీ పనికొచ్చే రివర్సిబుల్ టర్బైన్లు ఎప్పట్నుంచో ఉన్నాయి.

ఇంకో మాట, ఇది ఆ యూనివర్సిటీ వాళ్ళు చెప్పరు. సోలార్ పార్క్ కట్టేటప్పుడు వందల మంది కావాలి, కట్టడం అయిపోయాక కొద్దిమందితో నడిచిపోతుంది. సోలార్ ఒక్కదాన్నే నమ్ముకుంటే కష్టం. పైగా ట్రాన్స్‌కో (పెద్ద లైన్లు చూసే సంస్థ), డిస్కమ్‌లలో (ఇళ్ళకి కరెంటిచ్చే సంస్థలు) ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్ పోస్టుల నోటిఫికేషన్ ఏది తీసినా ఎలక్ట్రికల్ లేదా ఈఈఈ డిగ్రీ అనే ఉంటుంది, కొత్త పేరున్న డిగ్రీతో వెళ్తే అప్లికేషన్ దగ్గరే ఆగిపోవచ్చు. నాలుగేళ్ళ ఫీజు కట్టాక తెలిస్తే ఏం లాభం. పాత నోటిఫికేషన్లు నెట్‌లో ఉంటాయి, ఒకసారి మీరే తెరిచి చూడండి.

పాపకి చెప్పండి, పవర్ సిస్టమ్స్, పవర్ ఎలక్ట్రానిక్స్, మెషీన్స్ ఈ మూడూ పాసైతే చాలు అన్నట్టు చదవొద్దని. లెక్కలు, సిమ్యులేషన్లు చేసే మ్యాట్‌ల్యాబ్ సాఫ్ట్‌వేర్ చేతిలో ఉండాలి, సోలార్ ప్లాంట్ డిజైన్ చేసే పీవీసిస్ట్ సాఫ్ట్‌వేర్ ఓ నెలలో పట్టుబడుతుంది. ఎన్టీపీసీ, పవర్ గ్రిడ్ లాంటివి గేట్ (ఇంజనీరింగ్ వాళ్ళు రాసే జాతీయ పరీక్ష) స్కోర్‌తో తీసుకుంటాయి కాబట్టి థర్డ్ ఇయర్ నుంచే గేట్ మొదలుపెడితే మంచిది. అమ్మాయి సైట్‌లో ఎలా అని భయపడుతున్నారు, డిస్పాచ్ సెంటర్‌లో కూర్చుని చేసే పని కూడా ఉంది, కాకపోతే నైట్ షిఫ్టులు ఉంటాయి, అది ముందే మాట్లాడుకోండి.

ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసిన మీ అబ్బాయికైతే సూర్యమిత్ర అనే ప్రభుత్వ సోలార్ ట్రైనింగ్ చూడండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద కోటి ఇళ్ళ మీద రూఫ్‌టాప్ సోలార్ పెట్టాలని టార్గెట్, వైరింగ్, ఎర్తింగ్ సరిగ్గా చేసే కుర్రాళ్ళకి పని దొరుకుతుంది.