ప్రత్యర్థి మనకంటే ముందే అక్కడికి చేరి ఉండాలి

మనమే ఒక పాత్రగా మారి కథలో ముందుకు సాగే రోల్‌ప్లేయింగ్ వీడియో గేముల్లో విలన్ల కంటే ప్రత్యర్థులే ఎక్కువగా ఎందుకు గుర్తుండిపోతారని, అటువంటి పాత్ర పండాలంటే ఏమి ఉండాలని అడిగారు. ఈ ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు ఏమిటంటే ఆ పాత్రకు ఒక విషాదభరితమైన గతం ఉండాలని, పదునైన సంభాషణలు ఉండాలని. నేను దానితో ఏకీభవించను. ప్రత్యర్థికి కన్నీటి గాథ అవసరం లేదు. మనం వెళ్లదలచుకున్న చోటికే అతడూ బయలుదేరి, మన ప్రమేయం ఏమీ లేకుండానే మనకంటే కాస్త ముందు నడుస్తూ ఉంటే చాలు; మిగిలిన పని ఆడేవాడి అసూయ చేసిపెడుతుంది.

విలన్‌కు కావలసింది వేరు. లోకాన్ని ధ్వంసం చేయాలనో, దేవుడై కూర్చోవాలనో అతడి కోరిక. మనకు అవేవీ అక్కర్లేదు కనుక అతడిని చూసి భయపడతామే గాని అసూయపడము. ప్రత్యర్థి విషయం అలా కాదు. పల్నాటి కథ వింటూ పెరిగిన మా గుంటూరు వైపు వారికి ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు. బ్రహ్మనాయుడు, నాగమ్మ ఇద్దరూ మంత్రాంగం తెలిసినవారే, ఇద్దరికీ కావలసింది పల్నాడుపై పట్టే. ఆమెను ఉత్త దుర్మార్గురాలిగా చూపించే కథనాలు అందుకే నాకు చప్పగా అనిపిస్తాయి.

నాకు ఈ సంగతి తెలిసివచ్చింది పోకెమాన్ రెడ్ ఆడుతున్నప్పుడు. పోకెమాన్ అనే వింత జీవులను పట్టి, పెంచి, ఇతరుల పోకెమాన్లతో పోరాడించే ఆట అది. 1996లో జపాన్‌లో విడుదలైన ఆ ఆట మా దగ్గరికి ఎన్నో ఏళ్లు ఆలస్యంగా, అదీ కంప్యూటర్‌లో, ఆటల యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ రూపంలో వచ్చింది. ఆ ఆటకు అసలు యంత్రమైన, చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్‌ని కళ్లతో చూసినవారు మా స్నేహితుల్లో ఒక్కరూ లేరు. అప్పుడు నేను విజయవాడ శివార్లలోని ఒక కార్పొరేట్ కళాశాల హాస్టల్లో ఇంటర్ చదువుతూ, వేసవి సెలవులకు గుంటూరు బ్రాడీపేటలోని మా పెద్దమ్మగారింటికి వచ్చాను. ఆ కళాశాలలో వారం వారం పరీక్ష పెట్టి, ర్యాంకుల పట్టికను మెస్ పక్కనున్న బోర్డుకు అంటించేవారు. పదహారేళ్ల పిల్లలకు అన్నానికి వెళ్లే దారిలోనే వారి స్థానం ఏమిటో గుర్తుచేయాలని ఎవరికి తోచిందో గాని, ఆ పట్టికలో నా పేరుకు సరిగ్గా పైన ఎప్పుడూ ఒకే అబ్బాయి పేరు ఉండేది. అతడు నాతో ఒక్క మాట దురుసుగా మాట్లాడినవాడు కాడు. పైగా తనకు అర్థం కాని ఆర్గానిక్ కెమిస్ట్రీ లెక్కలు నన్నే అడిగేవాడు.

ఆట మొదట్లోనే ప్రొఫెసర్ ఓక్ అనే పెద్దాయన, ఆటలో మనకు ప్రత్యర్థి అయిన తన మనవడిని చూపించి, వీడి పేరేమిటో గుర్తురావడం లేదు, నువ్వు చెప్పు అంటాడు. సొంత మనవడి పేరు మరచిపోయే తాత! ఆ పేరు మనమే పెట్టాలి. నేను ఆలోచించకుండా ఆ ర్యాంకుల పట్టికలోని పేరు పెట్టాను. ఏడు అక్షరాలకు మించి చోటు లేకపోవడంతో ఇంగ్లిష్ స్పెల్లింగును సగానికి కత్తిరించవలసి వచ్చింది. తరువాత మనకు నచ్చిన పోకెమాన్‌ను మనం ఎంచుకున్నాక, ఆ మనవడు సరిగ్గా దాన్ని ఓడించగల రకాన్నే తీసుకుంటాడు. నేను గడ్డిరకానికి చెందిన బల్బసార్‌ను తీసుకుంటే, అతడు నిప్పురకమైన చార్మాండర్ వైపు అడుగులేశాడు. ఇంత స్పష్టంగా శత్రుత్వాన్ని ప్రకటించిన పాత్రను నేను మరే ఆటలోనూ చూడలేదు, అదీ ఒక్క పరుషమైన మాట అనకుండా.

రోహిణి కార్తె ఎండలో, కూలర్ మోత మధ్య, చివరి నలుగురు యోధులైన ఎలైట్ ఫోర్‌ను ఒకరి తరువాత ఒకరుగా ఓడించుకుంటూ వచ్చాను. నాలుగోవాడైన లాన్స్ పడిపోగానే కుర్చీ వెనక్కి నెట్టాను. వెనుక మంచం మీద పడుకుని చూస్తున్న మా అన్నయ్య, పెద్దమ్మ కొడుకు, "ఒరేయ్, లేవకు. ఇంకొకడున్నాడు" అన్నాడు. "నలుగురే కదా అన్నయ్యా" అంటూ ఉండగానే తెర మీద లాన్స్ మాటలు కదిలాయి: నువ్వే ఛాంపియన్‌వి అయ్యేవాడివి, కాని నీకంటే ముందే మమ్మల్ని ఓడించినవాడు ఒకడున్నాడు. ఆ వెంటనే, నేను కత్తిరించి పెట్టిన ఆ పేరు కనిపించింది. ఆ గదిలోనే మెస్ బోర్డు ఎదుట నిలబడినట్లయింది. అన్నయ్య పగలబడి నవ్వాడు, అతడికి ఆ పేరు వెనుక కథ తెలుసు.

ఆ పోరాటంలో అతడి అలకజామ్ అనే పోకెమాన్ నా జట్టులో సగాన్ని మట్టికరిపించింది. చివరకు 65వ లెవెల్ చారిజార్డ్ మిగిలింది, మొదటి రోజున అతడు నన్ను చూసి ఎంచుకున్న చార్మాండరే పెరిగి అలా మారింది. ఎలాగో గెలిచాను. అప్పుడు ఓక్ లోపలికి వచ్చాడు. మనవడు ఛాంపియన్ అయ్యాడని విని ఆనందంతో బయలుదేరినవాడు, వచ్చేసరికి మనవడు ఓడిపోయి ఉన్నాడు. నీ పోకెమాన్లను నమ్మకంతో, ప్రేమతో చూసుకోవడం మరిచావు కనుకనే ఓడావని నా ఎదుటే వాడిని చీవాట్లు పెట్టాడు. మా హాస్టల్లో ఆదివారాలు కలవడానికి వచ్చిన తల్లిదండ్రులు మిగతా పిల్లల ముందే మార్కుల గురించి నిలదీసే తీరు అచ్చం ఇదే. గెలిచిన ఆనందం కంటే ఆ కుర్రవాడి మీద జాలే నాకు ఎక్కువగా మిగిలింది. ఒక్క విలన్ మీదనైనా నాకు అటువంటి జాలి కలగలేదు.

దీని తరువాతి ఆటలైన గోల్డ్, సిల్వర్‌లలో (1999) ప్రత్యర్థి ఇంకా మొరటు. ప్రొఫెసర్ ఎల్మ్ ప్రయోగశాల నుంచి పోకెమాన్‌ను దొంగిలిస్తాడు, బలహీనులంటే తనకు అసహ్యమంటాడు. అయితే ఆ పాత్ర రచన నాకు అద్భుతమనిపించేది మాటల్లో కాదు. కథలో చాలా భాగం అతడి దగ్గర గోల్బాట్ అనే గబ్బిలంలాంటి పోకెమాన్ ఉంటుంది. అది క్రోబాట్‌గా మారాలంటే లెవెల్ పెరిగితే సరిపోదు, యజమానిపై దానికి మమకారం బాగా పెరగాలి. ఇది ఆట నియమం. చివరి దశలో అతడు మళ్లీ ఎదురైనప్పుడు ఆ స్థానంలో క్రోబాట్ ఉంటుంది. నేను మారిపోయానని అతడు ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, ఆట తెలిసినవాడికి ఆ ఒక్క రెక్కల జత చాలు. పాత్ర మారిందని చెప్పడానికి పది నిమిషాల వీడియో దృశ్యాన్ని పెట్టి, నేపథ్యంలో వయొలిన్ మోగించే నేటి ఆటల రచయితలు దీన్ని చూసి నేర్చుకోవాలి.

నేటి ఆటలపై నా అసలు ఫిర్యాదు మర్యాద గురించి. 2016లో వచ్చిన పోకెమాన్ సన్, మూన్ ఆటల్లో హౌ అనే స్నేహితుడు మన పోకెమాన్ చేతిలో ఓడిపోయే రకాన్నే ఏరికోరి తీసుకుంటాడు. ఇరవై ఏళ్లలో ప్రత్యర్థి మనకు దారి విడిచి పక్కన నిలబడే స్థితికి వచ్చాడన్నమాట. 2019 నాటి స్వోర్డ్, షీల్డ్‌లలో హాప్ కూడా అదే పని చేస్తాడు. అయితే అతడు ఓటములకు కుంగి, జట్టును పదే పదే మార్చుకుని, చివరకు పరిశోధన వైపు మళ్లడం వల్ల కొంత గౌరవం దక్కించుకున్నాడు. ఫైనల్ ఫాంటసీ 8 అనే వేరే ఆటలో సైఫర్ అనే ప్రత్యర్థిది మరో రకమైన నష్టం. నాయకుడు స్క్వాల్‌కూ అతడికీ ఒకే రకం ఆయుధం, ఒకరికొకరు ముఖాన పెట్టుకున్న గాట్లు. ఇంతకంటే గొప్ప ఆరంభం ఉండదు. ఆ తరువాత అతడిని మంత్రగత్తె కాపలాదారుగా మార్చి, మనతో సమానంగా ఎదగకుండా చేశారు.

మనం చూడనప్పుడు కూడా ప్రత్యర్థి ఎదగడాన్ని యంత్రాంగంగా మలచిన ఆట షాడో ఆఫ్ మోర్డార్ (2014). అందులో మనల్ని చంపిన అనామక సైనికుడు పదోన్నతి పొంది, తరువాత ఎదురైనప్పుడు పాత గెలుపును గుర్తుచేసి మరీ వెక్కిరిస్తాడు. ఆ పద్ధతికి వార్నర్ బ్రదర్స్ సంస్థ 2021లో పేటెంటు సంపాదించింది. పగను నమోదు చేసుకోవడానికి కూడా పేటెంటా! భీముడి ఇనుప విగ్రహాన్ని ఎదురుగా పెట్టుకుని పదమూడేళ్లు గదాభ్యాసం చేసిన దుర్యోధనుడి కథ మనకు ఉండగా, ఈ ఊహ ఒక సంస్థ సొత్తు అని నేను ఒప్పుకోలేను.

మీరు వీటిలో ఒక్కటే ఆడదలచుకుంటే గోల్డ్ లేదా సిల్వర్ ఆడండి. కథ ముగిశాక సోమ, బుధవారాల్లో ఆ ప్రత్యర్థి ఎలైట్ ఫోర్ ఉండే ఇండిగో ప్లేటోకు వచ్చి మనతో తలపడతాడు. మంగళ, గురువారాల్లో డ్రాగన్స్ డెన్ గుహలో సాధన చేసుకుంటూ కనిపిస్తాడు; ఆ రెండు రోజులూ పోటీకి రాడు, పలకరించవచ్చు.