బూత్ లెక్కలు చదవడం ఎలా? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు చుట్టుపక్కల ఐదు ఊళ్ల పిల్లలు వస్తారు. 2024లో ఆ ఐదు ఊళ్ల ఓటర్లు అసెంబ్లీకి ఎట్లా వేశారు, పార్లమెంటుకు ఎట్లా వేశారు అన్నది సాంఘికశాస్త్రం ప్రాజెక్టుగా పిల్లలతోనే లెక్క కట్టించాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయుడు, ఆలూరు

జవాబు: మీకు కావలసింది ఫారం 20. రిటర్నింగ్ అధికారి తయారుచేసే తుది ఫలితాల పట్టిక ఇది. అడ్డవరుసలో ఒక్కో పోలింగ్ కేంద్రం, నిలువు వరుసల్లో ఒక్కో అభ్యర్థి, చెల్లిన ఓట్లు, నోటా, మొత్తం ఉంటాయి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గాల వారీగా పెడతారు. 2024 మే 13న మనం ఒకే రోజు రెండు యంత్రాల మీద రెండు ఓట్లు వేశాం కాబట్టి రెండు ఫారాలూ తీసుకోవాలి. ఒకటి ఆలూరు అసెంబ్లీది, మరొకటి కర్నూలు లోక్‌సభలో ఆలూరు సెగ్మెంటుది. అసెంబ్లీ స్థానం వైసీపీ గెలిచింది, కర్నూలు లోక్‌సభ టీడీపీ గెలిచింది. మీ ప్రాజెక్టుకు మంచి చోటే దొరికింది.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. పట్టికలో తమ బడి పేరు వెతికి, ఆ వరుసే తమ ఊరి ఓటు అనుకుంటారు. పోలింగ్ కేంద్రం పేరు భవనం పేరు మాత్రమే. ఒకే బడిలో 'తూర్పు గది', 'పడమటి గది' అని రెండు మూడు కేంద్రాలు ఉండొచ్చు, పక్క మజరా ఓటర్లను ఆ గదుల్లో ఒకదానికి కలిపి ఉండొచ్చు. ఏ కేంద్రం కింద ఏ ఊరు, ఏ వీధి వస్తుందో ఓటరు జాబితా మొదటి పేజీలో సెక్షన్ల వారీగా రాసి ఉంటుంది. కనుక ముందు ఓటరు జాబితాల మొదటి పేజీలు ముందేసుకుని, ఐదు ఊళ్లకూ చెందిన కేంద్రాల నంబర్లు ఒక కాగితం మీద రాయించండి. ఫారం 20 ఆ తర్వాత తెరవండి. నంబరు పక్కన 'ఏ' అని ఉంటే అది అనుబంధ కేంద్రం, దాన్ని వదిలేస్తే వందల ఓట్లు పోతాయి.

చాలా చోట్ల ఫారం 20 స్కాన్ చేసిన కాగితమే. అంకెలు చేత్తో ఎక్కించుకోవాల్సిందే. ఒకరు చదువుతుంటే ఒకరు టైపు చేయాలి. ప్రతి వరుసలో అభ్యర్థుల ఓట్లు కూడి, చివరన అచ్చయిన 'చెల్లిన ఓట్లు'తో సరిపోల్చండి. తేడా వస్తే ఆ వరుసలో ఏదో అంకె తప్పు పడింది. స్కానులో 3, 8 ఒకలాగే కనిపిస్తాయి, ఎక్కువ తప్పులు అక్కడే.

ఓటింగ్ శాతం కట్టాలంటే కేంద్రంలో మొత్తం ఓటర్లెందరో కావాలి. ఆ సంఖ్య ఫారం 20లో ఉండదు. ఎన్నిక నాటి ఓటరు జాబితా చివరి పేజీలోగానీ, ఫారం 17సీలోగానీ ఉంటుంది. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి రాసే ఓట్ల లెక్క 17సీ. దాని నకలు పోలింగ్ ఏజెంట్లకు ఇస్తారు కాబట్టి ఊళ్లో ఏజెంటుగా కూర్చున్నవారిని అడగండి.

శాతాల సగటు మాత్రం తీయనివ్వకండి. ఉదాహరణకు ఒక కేంద్రంలో 900 మంది ఓటర్లు, 720 ఓట్లు పడ్డాయి, అంటే 80 శాతం. ఇంకో కేంద్రంలో 1,300 మంది, 780 ఓట్లు, అంటే 60 శాతం. పిల్లలు వెంటనే 70 అంటారు. ఓట్లు ఓట్లతో కూడి (1,500), ఓటర్లను ఓటర్లతో కూడి (2,200) భాగిస్తే వచ్చేది 68.2. తరగతిలో బల్ల మీద చేయించాల్సిన లెక్క ఇదే.

ఒకటి గుర్తుంచుకోండి. పోస్టల్ ఓట్లు ఏ కేంద్రం వరుసలోనూ కనిపించవు, పట్టిక అడుగున నియోజకవర్గం మొత్తానికి ఒకే అంకెగా ఉంటాయి. ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులు, మీలాంటి ఉపాధ్యాయులు, ఇంటి దగ్గరే ఓటు వేసిన 85 ఏళ్లు దాటిన పెద్దలు, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారు అందులోనే ఉంటారు. 'మా అవ్వ ఓటు ఏ వరుసలో ఉంది సార్' అని పిల్లలు అడిగితే జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

ప్రశ్న: కడప లోక్‌సభ కింద ఉన్న ఏడు అసెంబ్లీల్లో ఐదు కూటమి గెలిచింది. ఎంపీ మాత్రం వైసీపీ. అంటే జనం ఒక చేత్తో ఒకరికి, ఇంకో చేత్తో ఇంకొకరికి వేశారనేనా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: సీట్లు చూసి ఆ మాట చెప్పలేమమ్మా. లోక్‌సభకు సీట్లు కూడవు, ఓట్లే కూడతాయి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు, కమలాపురం, కడప ఒకవైపు, పులివెందుల, బద్వేలు ఇంకోవైపు నిలిచాయి. పులివెందుల అసెంబ్లీలో మెజారిటీ 61,687. ఎంపీ మెజారిటీ 62,695. ఒక్క చోట వచ్చే పెద్ద ఆధిక్యం నాలుగైదు చోట్ల వచ్చే చిన్న ఆధిక్యాలను ఎలా మింగేయగలదో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

చీల్చి వేసినవాళ్లు లేరని కాదు. లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థి షర్మిలకు 1,41,039 ఓట్లు పడ్డాయి. మీ కేంద్రంలో కాంగ్రెస్‌కు అసెంబ్లీలో ఎన్ని, లోక్‌సభలో ఎన్ని పడ్డాయో రెండు ఫారాలూ పక్కన పెట్టి చూడండి. అసెంబ్లీలో 40, లోక్‌సభలో 210 అనుకుందాం. అప్పుడు కనీసం 170 మంది రెండు ఓట్లూ ఒకే పార్టీకి వేయలేదని గట్టిగా చెప్పవచ్చు. 'కనీసం' అన్న మాట వదలకండి. అటు పోయినవాళ్లూ ఇటు వచ్చినవాళ్లూ ఒకరినొకరు కొట్టేసుకుంటే తేడా తక్కువగా కనిపిస్తుంది, అసలు సంఖ్య ఎక్కువే ఉండొచ్చు. రెండు ఫారాల్లో మొత్తాలు ఒకటి రెండు ఓట్లు అటూ ఇటూ ఉంటే కంగారు పడొద్దు. ఒక యంత్రం మీద నొక్కి, రెండో ఓటు వద్దని వెళ్లిపోయేవారు ఉంటారు.

ప్రశ్న: 2019కీ 2024కీ మా జిల్లా ఓట్లు పోల్చి చూస్తే అంకెలు అస్సలు పొంతన కుదరడం లేదు. ఎందుకు?
– ఒక డిగ్రీ విద్యార్థి, కల్లూరు

జవాబు: 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి, నియోజకవర్గాలు మారలేదు. అవి 2009 ఎన్నికలప్పటి హద్దులతోనే ఉన్నాయి. మీ పాణ్యం నియోజకవర్గమే తీసుకోండి. కల్లూరు, ఓర్వకల్లు మండలాలు కర్నూలు జిల్లాలో ఉండిపోయాయి, పాణ్యం, గడివేముల నంద్యాల జిల్లాకు వెళ్లాయి. రాప్తాడుదీ అదే పరిస్థితి, సగం అనంతపురంలో, సగం శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మీద పోల్చడం మానేసి నియోజకవర్గం మీద పోల్చండి.

బూత్ స్థాయిలో పోల్చేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. పోలింగ్ కేంద్రాలను ఎప్పటికప్పుడు సర్దుతారు, నంబర్లు జరుగుతాయి. 2019 నాటి 112, 2024 నాటి 112 ఒకే వీధులు కాకపోవచ్చు. 2024 నాటికి కేంద్రానికి 1,500 మంది ఓటర్లు గరిష్ఠ పరిమితి. 2025లో ఎన్నికల సంఘం దాన్ని 1,200కు తగ్గించింది కాబట్టి వచ్చే ఎన్నికకు కేంద్రాలు ఇంకా చీలతాయి. ఊరంతా కలిపి పోల్చండి, కేంద్రం కేంద్రం కాదు. వచ్చిన ఓట్లు చూసి సంబరపడకుండా వాటా చూడండి. 600లో 360 అంటే 60 శాతం, 720లో 378 అంటే 52.5. ఓట్లు పెరిగాయి, బలం తగ్గింది.

ప్రశ్న: బూత్ లెక్క చూసి మా ఊళ్లో ఫలానా కులం ఎవరికి వేసిందో తేల్చవచ్చా?
– పేరు రాయని పాఠకుడు, తాడిపత్రి

జవాబు: తేల్చలేం. కేంద్రంలో 700 ఓట్లు ఎటు పడ్డాయో పట్టిక చెబుతుంది, ఎవరు ఎటు వేశారో చెప్పదు. ఒక వర్గం 70 శాతం ఉన్న వీధిలో ఒక పార్టీకి 70 శాతం వస్తే ఆ వర్గమే ఆ పార్టీకి వేసిందని అనిపిస్తుంది, కానీ అదే 70 శాతం వందల రకాలుగా రావచ్చు. ఈ ఊహతో మన సీమలో పల్లెల మధ్య మాటలు పెరిగి, పింఛనుకో నీళ్ల ట్యాంకుకో ముడిపెట్టే దాకా పోతాయి. బ్యాలెట్ కాగితాల కాలంలో కేంద్రాల ఓట్లు కలిపేసి లెక్కపెట్టే వీలు నిబంధనల్లో ఉండేది. యంత్రాలు వచ్చాక ఏ కేంద్రానికి ఆ కేంద్రమే బయటపడుతోంది. యంత్రాల ఓట్లను కలిపి చూపే టోటలైజర్ పెట్టాలని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో 255వ నివేదికలో సిఫారసు చేసింది. మా అభిప్రాయమూ అదే. అంతవరకు ఒక్క మజరాకే పరిమితమైన చిన్న కేంద్రం అంకెలు విడిగా చూపించకుండా పక్క ఊరితో కలిపి చూపండి.

ప్రశ్న: ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికలో మా మండలం టీచర్లు ఎవరికి వేశారో ఎక్కడ చూడాలి? మా ప్రాథమిక పాఠశాలలో నాకు ఓటు లేదన్నారు, నిజమేనా?
– ఒక ఎస్‌జీటీ, అనంతపురం

జవాబు: మండలం లెక్క ఎక్కడా దొరకదు. ఎమ్మెల్సీ ఎన్నికలో బ్యాలెట్ కాగితాలను కలిపి కట్టలు కట్టాకే లెక్కపెడతారు. ప్రాధాన్య ఓటు (నచ్చిన వరుసలో అభ్యర్థులకు 1, 2, 3 అని వేసేది) కాబట్టి మొదటి ప్రాధాన్యంలో చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ రాకపోతే, అడుగున ఉన్నవారిని తొలగిస్తూ వారి కాగితాల్లో తర్వాతి ప్రాధాన్యం ఎవరికుంటే వారికి బదిలీ చేస్తారు. 2023లో కడప–అనంతపురం–కర్నూలు ఉపాధ్యాయ స్థానం 169 ఓట్ల తేడాతో తేలింది. ఇలాంటి చోట చెల్లని ఓటు చాలా ఖరీదు. కేంద్రంలో ఇచ్చే ఊదా రంగు స్కెచ్ పెన్నుతోనే రాయాలి, పేరు ఎదురుగా 1 అంకె వేయాలి. 'ఒకటి' అని అక్షరాల్లో రాసినా, టిక్కు పెట్టినా, సంతకం చేసినా ఆ కాగితం పక్కన పడేస్తారు.

ఓటు సంగతి: రాజ్యాంగం 171వ అధికరణ, 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థలో గత ఆరేళ్లలో కనీసం మూడేళ్లు పనిచేసినవారికే ఉపాధ్యాయ స్థానంలో ఓటు. ప్రాథమిక పాఠశాలలో చేసిన ఏళ్లు లెక్కకు రావు. మీరు డిగ్రీ పూర్తిచేసి మూడేళ్లు దాటితే పట్టభద్రుల స్థానంలో ఓటు తెచ్చుకోండి, దానికి ఫారం 18. ఉన్నత పాఠశాలకు మారి మూడేళ్లు నిండాక ఫారం 19. ప్రతి ఎన్నికకూ జాబితా కొత్తగా తయారుచేస్తారు, పోయినసారి పేరుందని ఊరుకుంటే ఈసారి ఉండదు. మూడేళ్ల సేవ ఉందని మీ సంస్థ అధిపతి ఇచ్చే సర్టిఫికెట్ దరఖాస్తుకు జత చేయాలి, ముందే రాయించి పెట్టుకోండి.